గుడారంలో గృహధర్మం

వేసవి విడిదికి వెళ్ళేవారు గుడారంలో సుఖమంటే మెత్తని పరుపు, మడత కుర్చీ, వేడి కాఫీ అనుకుంటారు. ఆప్స్లీ చెర్రీ-గెరార్డ్ 1922లో ప్రచురించిన ‘ది వరస్ట్ జర్నీ ఇన్ ది వరల్డ్’ చదివిన పాఠకుడికి ఆ మాటకు అర్థమే మారిపోతుంది.

1911 జూన్ చివర, అంటార్కిటికా శీతకాలపు చీకటిలో, ఎంపరర్ పెంగ్విన్ గుడ్ల కోసం ముగ్గురు కేప్ క్రోజియర్‌కు బయలుదేరారు: వైద్యుడు ఎడ్వర్డ్ విల్సన్, నావికుడు హెన్రీ బవర్స్, పాతికేళ్ళ చెర్రీ. మంచుబండ్లను తామే లాగారు. చలి సున్నాకు దిగువన 60 డిగ్రీల సెల్సియస్ దాటింది.

అంత చలిలో గుడారానికి మనిషి ఊపిరే శత్రువు. ఊపిరి, చెమట, వంట ఆవిరి గుడ్డకూ పడకసంచులకూ పట్టి మంచుగా పేరుకునేవి. 18 పౌన్ల బరువుతో బయలుదేరిన చెర్రీ పడకసంచి తిరిగివచ్చేసరికి 45 పౌన్లు తూగింది. అక్కడ పొందికంటే అలంకారం కాదు. వెదురుగడలను ఎడంగా నిలపడం, వాకిలిని గాలికి పెడగా ఉంచడం, బట్టల మంచు దులుపుకుని లోపలికి రావడం: ఇవి ప్రాణాన్ని నిలిపే నియమాలు.

జూలై 22న వచ్చిన తుపానుకు గుడారం ఎగిరిపోయింది. తలదాచుకున్న రాతి గుడిసె కప్పు మరునాడు చిరిగిపోయింది. అది విల్సన్ పుట్టినరోజు. ముగ్గురూ సంచుల్లో ముడుచుకుని పాటలు పాడుకున్నారు. గాలి తగ్గాక, దాదాపు అరమైలు దూరంలో, పల్లంలో గుడారం దొరికింది. గుడారం లేనిదే వారికి తిరుగు ప్రయాణం లేదు. ఆపైన బవర్స్ గుడారం కొసకు తాడు కట్టి, రెండో కొసను తన పడకసంచిలోకి లాక్కుని నిద్రపోయాడు. అది పోతే తానూ దానితోనే పోవాలని! మూడు గుడ్లతో తిరిగివచ్చారు. అంత యాతనలోనూ ఒకరికొకరు ‘దయచేసి’ అనడం, కృతజ్ఞత చెప్పడం మానలేదని చెర్రీ గుర్తుచేసుకుంటాడు.

1912 నవంబరులో ఆ చెర్రీయే అన్వేషక బృందంతో వెళ్ళి మరో గుడారాన్ని చూశాడు. అందులో స్కాట్ పక్కన విల్సన్, బవర్స్ విగతజీవులై ఉన్నారు. గడలు ఎడంగా, గుడ్డ బిగువుగా, లోపలి పొరకు లోపల మంచు చేరకుండా, అంతా సర్దిపెట్టినట్టే ఉంది.

ఎవరూ రారని తెలిసిన ఇంటిని కూడా అంత శుభ్రంగా ఉంచుకున్నవారి గురించి చదివాక, మడత కుర్చీ కాస్త చిన్నబోతుంది.