జూలూరుపాడు దారిలో చివరి రెండు నిమిషాలు

తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్లే రోడ్డు మీద ఏన్కూరు దాటితే జూలూరుపాడు. చుట్టూ పత్తి చేలు, ఆ వెనక అడవి. సంక్రాంతికి ఇటు వస్తే, ఎక్కడైనా కబడ్డీ కోర్టు కనబడితే ఆగండి. అసలు మజా చివరి రెండు నిమిషాల్లోనే!

ఒక్క పాయింటే ఆధిక్యం. కూతకు 30 సెకన్లు. అంటే మిగిలింది నాలుగు కూతలు, చెరి రెండు. ముందున్న జట్టు కుర్రాడు బాక్ లైన్ దాటి, ఎవర్నీ ముట్టకుండా టైమ్ గడిపి వెనక్కొస్తాడు. ‘ఆడరా!’ అని జనం గోల. రెండుసార్లు ఇలా చేస్తే, డూ ఆర్ డై రూల్ ఉన్నచోట మూడో కూతలో పాయింటు తేవాల్సిందే.

డిఫెన్స్ ఇంకా కష్టం. తొందరపడి కాలు పట్టబోతే, వాడు విడిపించుకుని గీత చేరితే మ్యాచ్ చేజారుతుంది. మరీ వెనక్కి జరిగితే? కోర్టులో ఆరుగురో ఏడుగురో ఉంటే బోనస్ కొట్టి స్కోరు సమం చేస్తాడు.

అందుకే కార్నర్‌లో నిలబడ్డ కుర్రాడి కాళ్లు చూడండి. దూకాలా, ఆగాలా... మ్యాచ్ తేలేది అక్కడే.