సుషేణుడి కొండ, గలిజేరు కషాయం

రావివలస ఎండల మల్లన్న స్థలపురాణంలో నాకు బాగా ఇష్టమైనది రామాయణంలోని వైద్యుడు సుషేణుడి ముచ్చట. లంక నుంచి తిరిగొస్తూ, సుమంచ పర్వతం మీద మూలికలు, కింద జబ్బులతో జనం కనిపించేసరికి ఆ వైద్యుడు ఇక్కడే ఉండిపోయాడట.

మూలికల మీద ఆ నమ్మకం మనకింకా ఉంది. గట్ల మీద తెల్ల గలిజేరు పీకి కషాయం కాస్తాం, పల్లేరు కాయలు మరిగిస్తాం. గలిజేరు పప్పంటే నాకూ ప్రాణమే.

కానీ మనది కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం. కిడ్నీలు దెబ్బతింటే ఒంట్లో పొటాషియం సరిగా బయటకి పోదు. చాలా ఆకుల కషాయాల్లో అది దండిగా ఉంటుంది. అంతకన్నా భయం ఈశ్వరి వేరు, గాడిదగడపాకు. వాటిలోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీల్ని పాడుచేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మందుల్లో ఈ జాతి మొక్కే కలిసి, ఎందరో ఆడవాళ్ల కిడ్నీలు పోయాయి. ఉద్దానం జబ్బుకి ఇదే కారణమని అనడం లేదు, అసలు కారణం ఇంకా తేలనే లేదు.

రక్తంలో క్రియాటినిన్ పెరిగినవాళ్లకి, అంటే కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్లకి, దయచేసి కషాయాలు ఇవ్వకండి. ఇప్పటికే తాగుతుంటే ఆ మొక్కని వేరుతో సహా పలాస కిడ్నీ ఆసుపత్రికి పట్టుకెళ్లి డాక్టరుకి చూపించండి. ఆకు మందే కదా అని దాచొద్దు.