బెల్లీకు పింగాణి

పాతవస్తువులను గూర్చువానిని లోకము రెండు విధములఁ జూచును. అతఁడు ధనవంతుఁడైనచో రసికుఁడనును, సామాన్యుఁడైనచో వెఱ్ఱివాఁడనును. ఉద్యోగరీత్యా డబ్లిను నగరమున నున్న యెనిమిది సంవత్సరములలో నేను గూర్చిన బెల్లీకు పింగాణి పాత్రలు ముప్పదియేడు. నాకు ధనము లేదు గావున నేనే తెగకుఁ జెందుదునో చదువరులు సులభముగా నూహింపఁగలరు. అయినను ఈ వెఱ్ఱి నాకుఁ గొంత చరిత్రమును, గొంత వివేకమును నేర్పినది. దానిని పదుగురితోఁ బంచుకొనుట తగునని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

బెల్లీకు అనునది ఉత్తర ఐర్లండులోని ఫర్మానా మండలమున, ఎర్న్ నదీతీరమందలి చిన్నయూరు. 1845లో మొదలైన గొప్పకఱవు ఐర్లండు నంతటిని నాశనము చేసెను. బంగాళాదుంప పంటకుఁ దెగులు తగులఁగా దానినే నమ్ముకొన్న బీదలు కూడు లేక మాఁడిరి. కొలఁది సంవత్సరములలో దాదాపు పదిలక్షలమంది మరణించిరి. అంతకుఁ దక్కువగాని జనము ఓడలెక్కి దేశము విడిచిపోయెను. అట్టి కాలమున, 1849లో, జాన్ కాల్డ్వెల్ బ్లూమ్‌ఫీల్డు అను భూస్వామికి క్యాసిల్ కాల్డ్వెల్ ఎస్టేటు వారసత్వముగా వచ్చెను. తన గ్రామములలోని గుడిసెల గోడలకుఁ బూసిన సున్నము వింతయైన తెల్లదనముతో మెఱయుట చూచి యతఁడు నేలను బరీక్షింపించెననియు, అందు ఫెల్డుస్పారును, పింగాణిమన్నును బయల్పడెననియుఁ జెప్పుదురు. రాబర్టు విలియమ్స్ ఆర్మ్‌స్ట్రాంగు అను శిల్పి విద్యయును, డేవిడ్ మెక్‌బర్నీ అను డబ్లిను వర్తకుని ధనమును దోడుపడఁగా 1857లో బెల్లీకు కర్మాగారమునకుఁ బునాది పడెను. ఇందు భూస్వామికి లాభాపేక్ష లేకపోలేదు. కాని కఱవు పాలైన ప్రజకు గంజి పోయుట యొకయెత్తు, చేతికిఁ బని చూపుట యొకయెత్తు. గంజి యొకపూఁట కాధారము; పని తరముల కాధారము.

మొదట నచ్చటఁ జేసినవి సామాన్యులు నిత్యము వాడుకొను మట్టిపాత్రలే. పేరియను అను సన్నని పింగాణి 1863 ప్రాంతమునఁ గాని యచ్చట సిద్ధింపలేదు. గ్రీసుదేశపు పారోసు ద్వీపమందలి చలువఱాతిని బోలియుండుటచేత దానికా పేరు వచ్చినది. ఈ విద్య తెలిసిన పనివారిని ఇంగ్లండులోని స్టోకు ప్రాంతమునుండి రప్పించిరి. వారి చెంతఁ గూర్చుండి పల్లెబిడ్డలు నేర్చుకొనిరి. మీఁగడవలెఁ బలుచనైన మన్నునీటిని ప్లాస్టరు అచ్చులలోఁ బోయుదురు. అచ్చు నీటిని బీల్చుకొనఁగా లోపలిగోడకు మన్ను పొరగా నంటుకొనును. మిగిలిన ద్రవమును వంపివేసి, ఆఱినపిదప అచ్చు విప్పుదురు. ఆవములోఁ గాలిన తరువాత ఆ పాత్ర దీపమున కడ్డుపెట్టినచో వ్రేళ్ళనీడ కనఁబడునంత పలుచన. దానిపై ముత్యపుచిప్ప తళుకు గల మెఱుఁగుపూఁత వేయుదురు. అన్నిటికంటె నాశ్చర్యకరమైనవి బుట్టలు. తుమ్మజిగురు కలిపిన మన్నును సేమియావలె సన్నని తీఁగలుగా సాఁగఁదీసి, ఒకదానిపై నొకటి యల్లి, అంచున నొక్కొక్క పూరేకును జేతితోఁ జేసి యద్దుదురు. మన మేదరవాఁడు వెదురుతోఁ జేయునది వారు మన్నుతోఁ జేయుచున్నారు. లోపమున్న పాత్రను బయటికిఁ బంపక పగులఁగొట్టుట ఆ కర్మాగారపు సంప్రదాయము.

ఇఁక గుఱుతుల ముచ్చట. బెల్లీకు పాత్రను గొనువాఁడు ముందు దానిని బోర్లించి చూచును. 1863 మొదలు వాడుచున్న ముద్రలో నాలుగు చిహ్నములు గలవు: కూర్చుండి తల త్రిప్పి చూచుచున్న తోఁడేలువేఁట కుక్క, గుండ్రని రాతిగోపురము, హార్పు అను తంత్రీవాద్యము, షామ్రాకు అను మూఁడాకుల మొక్క రెమ్మలు. 1890 అమెరికా సుంకపుచట్టము దిగుమతియగు సరుకుపైఁ బుట్టినదేశము పేరు ఉండవలెనని విధింపఁగా, 1891 నుండి ముద్రక్రింద ఫర్మానా, ఐర్లండు అను మాటలు చేరినవి. 1926లోఁ జేరిన గుండ్రని ముద్రలో ఐరిషు భాషలో "ఐర్లండున జేయఁబడినది" అను నర్థముగల మాటలున్నవి. 1946 నుండి నల్లసిరాకు బదులు పచ్చసిరా వచ్చినది. ఇంతమాత్ర మెఱిఁగినవాఁడు పాత్రయొక్క వయస్సును జాలవఱకు నిర్ణయింపఁగలఁడు.

1926 నాఁటి మార్పు నన్ను మిక్కిలి యాలోచింపఁజేసినది. 1921లో ఐర్లండు రెండుగాఁ జీలినప్పుడు బెల్లీకు బ్రిటిషు ప్రభుత్వముక్రింద నున్న ఉత్తరభాగమునఁ బడెను. సరిహద్దు ఆ యూరి యంచునే పోవును. అట్టిచోటనున్న పనివారు, రాజ్యము రెండైన యైదేండ్లకే, తమ పాత్రల యడుగున ఐరిషు భాషలో ఐర్లండు పేరు వ్రాసిరి. పటముపై గీఁత గీయుట యెంత సులభమో, మన్నులోఁ గాలిన మాటను జెఱపుట యంత కష్టము.

ఆ గుఱుతులన్నియు ననాదిసిద్ధములా? కావు. ఐరిషు తోఁడేలువేఁట కుక్కజాతి అప్పటికి దాదాపు నశించియుండెను. గ్రాహమను సైనికాధికారి 1862 ప్రాంతమునఁ బూని, మిగిలిన కొలఁది కుక్కలనుండి యితరజాతుల సంకరముతో దానిని మరల నిలిపెను. ట్రినిటీ కళాశాలలోని ప్రాచీనమగు హార్పును 1014లో మరణించిన బ్రయన్ బోరు రాజుదని జనులు చెప్పుకొందురు గాని యది యతనికిఁ గొన్ని శతాబ్దుల పిదపఁ జేయఁబడినది. కొత్త సరకులపైఁ గెల్టిక్ చిహ్నమని యచ్చొత్తు ముచ్చుట్టు న్యూగ్రాంజి సమాధిఱాళ్ళపైఁ జెక్కఁబడియున్నది. ఆ సమాధి క్రీస్తుకు పూర్వము 3200 ప్రాంతమునాఁటిది. ఐర్లండున కెల్టిక్ భాష వినఁబడుటకుఁ జాల ముందటిది. క్రీ. శ. 800 ప్రాంతమున వ్రాయఁబడిన కెల్సు గ్రంథములోని మెలికల యల్లిక సైతము వారి యొక్కరి సొత్తు గాదు. ఇంగ్లండునందును, ఇతర దేశములందును దాని చుట్టములు గలవు. 1850లో టారా బ్రూచి యను నగ దొరకిన తరువాత నిట్టి రేఖలకు గిరాకి హెచ్చి, కంసాలులును, కుమ్మరులును వానిని గ్రహించిరి.

ఇది తెలిసి నా మిత్రుఁడొకఁడు "అయినచో నీ సంప్రదాయమంతయు నటన" యని నవ్వెను. నేనట్లు తలంపను. కఱవు పిదప, తన భాష తన నోటనే క్షీణించుచుండఁగా, ఒక జాతి తనకు మిగిలినదేదని వెదకికొని, దొరకినదానిని దుమ్ముదులిపి ధరించెను. అందుఁ గొంత చరిత్రము, కొంత కోరిక. ఏది చరిత్రమో, యేది కోరికయో తెలిసికొని ప్రేమించుట మేలు. తెలియక పూజించుట మౌఢ్యము. మనకును సంప్రదాయమను పేర నిన్న మొన్నటి యాచారములను వేదకాలమునకు నెట్టువారు లేకపోలేదు.

ఆ మెలికలను మొదట చూచినప్పుడు నాకు మా యింటి వాకిటి ముగ్గు జ్ఞప్తికి వచ్చినది. చుక్కలచుట్టు త్రెంపులేక తిరిగి మొదలైనచోటికే చేరు మెలికల ముగ్గును జూచిన కన్నులకు కెల్సు గ్రంథపు రేఖ క్రొత్తగాఁ దోఁపదు. దీనివలన రెంటికిని జుట్టఱికము కల్పింపను. చేయి యొకటే యైనప్పుడు గీఁతలు గలియుట సహజము. నిజమైన సంబంధము మఱియొకటి గలదు. ఐరిషు సాహిత్యపునరుజ్జీవనమునఁ బాల్గొన్న బెల్ఫాస్టు కవి జేమ్స్ కజిన్సు 1915లో భారతదేశమునకు వచ్చి మదనపల్లె కళాశాలలోఁ బనిచేసెను. 1919లో రవీంద్రుఁ డచ్చటికి వచ్చి జనగణమన పాడినప్పుడు దానికి స్వరము వ్రాసి నిలిపినది అతని భార్య మార్గరెట్ కజిన్సు. తమ దేశపు పాటలకై తపించినవారే మన పాటను బదిలపఱచిరి. పరదేశపు గుఱుతు మన యింట నేలయని యడుగువారికి నే నీ కథ చెప్పుదును.

నేను బదులు చెప్పలేకపోయిన ప్రశ్న మా యింట నే పుట్టినది. ఒకనాఁడు నా భార్య బీరువా ముందు నిలిచి "ఏమండీ, కఱవులోఁ గూడు పెట్టుటకుఁ బుట్టిన పాత్రకు మీరు చెఱసాల కట్టినారే!" యనెను. పగిలినచో మరల దొరకదని నేనంటిని. "అటులైన మీరు కప్పును గొనలేదు, భయమును గొన్నారు" అని యామె వెడలిపోయెను. నాలుగు దినములు మా యిరువురికిని మాట సరిగాలేదు. తుదకు నల్లముద్రగల తొమ్మిది పాత్రలు బీరువాలో నుండుటకును, పచ్చముద్రగల షామ్రాకు కప్పులలో ప్రతిదినము కాఫీ త్రాగుటకును సంధి కుదిరెను. ఈ మూఁడేండ్లలో నొక కప్పు చెవి విఱిగినది. ఎవరును ఎవరిని దూఱలేదు. ఆ కప్పులో నిప్పుడు తులసివిత్తులు దాఁచుచున్నాము.

కనుక వస్తువులఁ గూర్చు ప్రియులకు నాదొక విన్నపము. వెల చూచుటకు ముందు పాత్రను బోర్లించి, అది యెచ్చటిదో, యే కాలముదో చదువుఁడు. దాని వెనుక నున్న ముద్రకంటెఁ బైని యల్లికను ముందు మెచ్చుకొనుఁడు. అల్లికకంటె ముందు దానిని యల్లిన చేతికిఁ దగిన కూలి దొరకెనా యని విచారింపుఁడు. 1857లో మొదలైన ఆ పని నేఁటికిని బెల్లీకున సాఁగుచున్నది. అచ్చట నొక యువతి మన్నుతీఁగతో బుట్ట యల్లుట నేను గంటసేపు నిలిచి చూచితిని. ఆ గంటలో నామె తల యెత్తలేదు. బుట్టలో నాలుగవవంతు కూడఁ బూర్తికాలేదు.