49 లక్షల చుక్కల ముగ్గు

మా పెద్దాడు బెంగళూరులో ఇల్లు మారుతూ తన మానిటర్‌ని చెల్లెలికి పంపించేశాడు. ఆఫీసు వాళ్ళు ల్యాప్‌టాప్ ఇచ్చారట, కొత్త గదిలో ఇంత పెద్దది పెట్టడానికి చోటు లేదట. 34 అంగుళాలది. ఎత్తు మామూలే గానీ వెడల్పు చూస్తే మా పెళ్ళి గ్రూప్ ఫోటో మొత్తం పట్టేలా ఉంది. కాస్త వంపు కూడానూ. అట్టపెట్టె విప్పి బల్ల మీద పెడితే మా చిన్నదాని గదిలో కిటికీ సగం మూసుకుపోయింది.

"పైసా ఖర్చు లేకుండా వచ్చింది" అని మా వారు మురిసిపోయారు. ఊరికే వచ్చినవాటి సంగతి మనకి తెలియనిదా? పక్కింటివాళ్ళు అరటిగెల ఇచ్చారని సంబరపడి, చిప్స్ వేయించడానికి నూనె డబ్బా కొనుక్కొచ్చిన ఇల్లు మాది.

మొదటి గండం కేబుల్ దగ్గరే వచ్చింది. మా వారు కంప్యూటర్ వెనకాల పైన కనపడిన చోట గుచ్చారు. తెర మీద "నో సిగ్నల్" అని వచ్చింది. బస్సులో వస్తూ పాడైపోయిందనీ, వాడికి ప్యాకింగ్ చేతకాదనీ ఓ పావుగంట కొడుకుని తిట్టారు. చిన్నది కాలేజీ నుంచి వచ్చి చూసి, కేబుల్ తీసి కింద అడ్డంగా ఉన్న వరసలో పెట్టింది. బొమ్మ వచ్చేసింది! పైవి మదర్‌బోర్డువి, కిందవి గ్రాఫిక్స్ కార్డువి. విడిగా కార్డు ఉంటే మానిటర్‌ని దానికే కలపాలట. మీ ఇంట్లో ఎప్పుడైనా ఇలా అయితే ముందు అక్కడ చూడండి, పిల్లల్ని తర్వాత తిట్టొచ్చు.

మా చిన్నది ఆర్కిటెక్చర్ ఐదో ఏడు. థీసిస్‌కి ఓ చిన్న ఊరి బస్టాండు తీసుకుంది. పాలిచ్చే తల్లులకి గది, రాత్రి బస్సు కోసం ఎదురుచూసే ఆడవాళ్ళకి భయం లేకుండా కూర్చునే చోటు, శుభ్రమైన బాత్రూములు. వినగానే నాకు భలే నచ్చింది. పాత చిన్న తెర మీద ఒకటి మూసి ఇంకొకటి తెరుచుకుంటూ అవస్థ పడేది. ఇప్పుడు ప్లాను ఒక పక్క, మోడల్ ఒక పక్క పెట్టుకుని చేసుకోవచ్చని వారం రోజులు దాని ముఖం వెలిగిపోయింది.

ఆ తర్వాత ఒక రాత్రి రెండింటికి మంచినీళ్ళకని లేస్తే దాని గదిలో లైటు వెలుగుతోంది. చేతులు కట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చుంది. తెర మీద దాని బస్టాండు ఆగి ఆగి కదులుతోంది, టూరింగ్ టాకీసులో రీలు తెగి తెగి ఆడినట్టు.

"ఏమైందే?"

"పర్వాలేదమ్మా, కొంచెం స్లో అంతే. నువ్వు పడుకో."

"పర్వాలేదు" అనే మాటకి అర్థం నాకు తెలుసు. 27 ఏళ్ళుగా ఈ ఇంట్లో నేను అంటున్న మాటే కదా అది!

మర్నాడు దాని పక్కన కుర్చీ వేసుక్కూర్చుని "నాకు అర్థమయ్యేలా చెప్పు" అన్నాను. అది ముగ్గుతో మొదలుపెట్టింది. తెర అంటే చుక్కలేనట. పాత తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20 లక్షల 73 వేల చుక్కలు. అన్నయ్య పంపిన దాంట్లో 3440, 1440. అంటే 49 లక్షల 53 వేల చుక్కలు. దాదాపు రెండున్నర రెట్లు. బొమ్మ కదిలినప్పుడల్లా ఆ చుక్కలన్నిటికీ మళ్ళీ రంగు వేయాలి. కంటికి మృదువుగా కనపడాలంటే సెకనుకి 60 సార్లు. లెక్క కడితే సెకనుకి 29 కోట్ల 72 లక్షల చుక్కలు! సంక్రాంతికి 21 చుక్కల ముగ్గు పెడితేనే నాకు నడుం పట్టేస్తుంది. ఇంత ముగ్గు పెట్టేది ఆ గ్రాఫిక్స్ కార్డేనట.

"మరి వారం రోజులు బాగానే నడిచింది కదే?"

"ప్లాన్ గీతలకీ, టైపింగ్‌కీ, సినిమా చూడ్డానికీ పెద్ద కార్డు అక్కర్లేదమ్మా. ఈ పాతది చాలు. మోడల్ లోపల నడుస్తూ చూపించాలంటేనే కష్టం. ఎండ ఎటు పడుతుంది, నీడ ఎక్కడ, ఆకు కదిలితే వెలుగు ఎలా మారుతుంది... ఒక్కో చుక్కకీ అప్పటికప్పుడు లెక్క కట్టాలి."

మా కార్డు పేరు జీటీఎక్స్ 1050 టీఐ. 2016లో వచ్చిన రకం, మెమరీ 4 జీబీ. నాకు వంటింటి భాషలో అర్థమైంది. ఇద్దరికి చట్నీ చేసుకునే జార్‌లో పెళ్ళివారికి ఇడ్లీపిండి రుబ్బమంటున్నాం. మెమరీ అంటే జార్ సైజు, మిగతాది మోటారు బలం.

డబ్బు ఖర్చవ్వకుండా చేయగలిగినవన్నీ అది అప్పటికే చేసింది. పాత హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చి, పెట్టెలో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పెట్టింది. తెర 100 హెర్ట్జ్‌దైనా విండోస్‌లో 60 దగ్గరే ఉంటే సెట్టింగ్స్‌లో పెంచింది. దాంతో మౌస్ చురుగ్గా కదిలింది గానీ బస్టాండు కదల్లేదు. నీడలు తగ్గించింది, చెట్లు దాచేసింది. ఆఖరికి అంత పెద్ద తెరలో ఒక మూల, పాత తెరంత చిన్న కిటికీ తెరుచుకుని అందులో పనిచేస్తోంది.

అది చూశాక నా మనసు చివుక్కుమంది. "అడగొచ్చుగా?" అన్నాను.

"నాన్న ఒప్పుకోరు. గ్రాఫిక్స్ కార్డంటే ఆటలకే అనుకుంటారు."

అనుకోరూ మరి? 2018లో పెద్దాడు బీటెక్‌లో చేరినప్పుడు "ప్రాజెక్టులకి కావాలి" అని ఆ 1050 కొనిపించాడు. నాలుగేళ్ళూ దాని మీద తుపాకులు పేల్చాడు. మా వారు సగం డబ్బే ఇస్తానంటే, మిగతా 7 వేలు పోపుల డబ్బా బ్యాంకు నుంచి చాటుగా ఇచ్చింది నేనే. అబద్ధం చెప్పినవాడికి కార్డు దొరికింది, నిజంగా అవసరమైనదానికి అడిగే ధైర్యం లేకుండా పోయింది. అందులో నా చెయ్యీ ఉంది.

చీటీ డబ్బులు 50 వేలు వచ్చి ఉన్నాయి. పాత గాజులకి కాస్త కలిపి కొత్తవి చేయించుకుందామని దాచాను. ఇందులోంచి చాటుగా ఇచ్చేయడం నాకో లెక్క కాదు. కానీ ఈసారి చాటుగా వద్దనుకున్నాను. చాటుగా ఇస్తే అది కూడా అన్నయ్య ఖాతాలోనే పడుతుంది.

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. "ఏవండీ, చిన్నదానికి గ్రాఫిక్స్ కార్డు కొనాలి. నా చీటీ డబ్బుల్లోంచి కొంటున్నాను."

"మళ్ళీ ఆ కార్డేనా? వాడు దాంతో ఏం చదివాడో చూశాంగా" అన్నారు.

"చూశాం. వాడికప్పుడు సగం డబ్బు ఇచ్చింది నేనే, మీకు చెప్పకుండా. అందుకే ఇప్పుడు మీ ఎదురుగా చెబుతున్నాను."

మజ్జిగ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయారు. కాసేపయ్యాక నా వైపు చూడకుండా దాని వైపు తిరిగి "ఏదీ, లెక్క చూపించు" అన్నారు. బ్యాంకులో లోన్లు చూసిన మనిషి, కాగితం లేందే నమ్మరు.

అది కాగితం తెచ్చింది. మూడు గడులు. ఆర్‌టీఎక్స్ 4060: మెమరీ 8 జీబీ, 115 వాట్లు. ఆర్‌టీఎక్స్ 3060: 12 జీబీ, 170 వాట్లు. ఆర్‌టీఎక్స్ 4070: 12 జీబీ, 200 వాట్లు, ధర మిగతావాటికి దాదాపు రెట్టింపు.

"కొత్తది 4060 కదా, పాతదెందుకు?" అన్నారు.

"ఆటలకైతే అదే మేలు నాన్నా. నా మోడల్లో చెట్లు, బస్సులు, మనుషులు చాలా ఉన్నారు, 8 జీబీ నిండిపోతే మళ్ళీ ఇదే కథ. 4070 ఇంకా మంచిదే, కానీ మన పాత ప్రాసెసర్ దానికి సరిపడా పని అందించలేదు. డబ్బు దండగ."

"ఇంకేమైనా ఖర్చుందా?"

"ఉంది. మన పవర్ సప్లై 450 వాట్లది. ఈ కార్డుకి కంపెనీ చెప్పేది 550. అది కూడా మార్చాలి."

ఆ దాచకుండా చెప్పడమే ఆయనకి నచ్చిందనుకుంటా. కరెంటు బిల్లు అడిగారు. రోజుకి ఐదు గంటలు పూర్తి బలంతో నడిచినా కార్డు ఒక యూనిట్ కూడా తాగదని లెక్క చూపించింది. "సరే, కేబినెట్‌లో పడుతుందో లేదో కొలుచుకోండి" అని లేచి చెయ్యి కడుక్కున్నారు. జాకెట్లు కొలిచే నా టేపుతో కొలిచాం. పడుతుంది.

శనివారం తల్లీకూతుళ్ళం సికింద్రాబాద్ సీటీసీకి వెళ్ళాం. ఒక షాపులో అబ్బాయి "ఆంటీ, అల్ట్రావైడ్ మానిటర్‌కి 4070 కంటే తక్కువ తీసుకుంటే వేస్ట్" అన్నాడు. "మా అమ్మాయి ఆటలాడదు బాబూ, బస్టాండు కడుతోంది" అన్నాను. అతను నవ్వి, చిన్నదాన్ని నాలుగు ప్రశ్నలు అడిగి, "అయితే 3060 చాలు" అన్నాడు. కార్డు, పవర్ సప్లై కలిపి 32 వేల దాకా అయింది. గాజులు ఇంకో చీటీకి.

అద్భుతాలేమీ జరిగిపోలేదు. నీడలు, అద్దాలు అన్నీ పూర్తి నాణ్యతలో పెడితే ఇప్పటికీ కాస్త తడబడుతుంది. మధ్య రకంలో పెట్టుకుంటే తెర నిండా హాయిగా నడుస్తోంది. రాత్రంతా పట్టే వీడియో రెండు మూడు గంటల్లో అయిపోతోంది. దాచిన చెట్లన్నీ బయటికి వచ్చాయి. ఒంటి గంట దాటాక ఆ గదిలో లైటు వెలగడం లేదు, నాకు అంతే చాలు. జ్యూరీ వచ్చే నెల.

రెండ్రోజుల తర్వాత పడుకోబోతూ మా వారు అడిగారు.

"అప్పుడు వాడికి ఎంతిచ్చావు?"

"ఏడు వేలు."

"నేను ఐదు అనుకున్నాను" అని అటు తిరిగి పడుకున్నారు. ఇన్నేళ్ళూ తెలిసే ఊరుకున్నారన్నమాట!

మొన్న ఆదివారం చిన్నది గుడికి వెళితే, ఆ పెద్ద తెర మీద ఆయన "మాయాబజార్" పెట్టుకున్నారు. రెండు పక్కలా నల్ల పట్టీలు వచ్చాయి. పాత సినిమాల బొమ్మ చదరానికి దగ్గరగా ఉంటుంది మరి. విసుక్కుని కృష్ణ "అల్లూరి సీతారామరాజు" పెట్టారు. 1974లో వచ్చిన మన మొదటి తెలుగు సినిమాస్కోప్. ఈ చివర నుంచి ఆ చివరికి తెర నిండిపోయింది. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, "చూశావా, కార్డు మార్చాక బొమ్మ ఎంత బాగా వస్తోందో!" అన్నారు.

అప్పుడే లోపలికి వచ్చిన చిన్నది ప్రసాదం చేతిలో పెడుతూ అంది.

"దీనికైతే పాత కార్డే చాలు నాన్నా."