అరిగిన టైర్లు

కిందటి వేసవిలో మా మామూ జీపుకు ముందువైపు వేసిన కొత్త టైర్లు నాలుగు నెలలకే అరిగిపోయినవి. తిరువూరు చుట్టుప్రక్కల మామిడితోటలలో కోత మొదలైన పిమ్మట ఆ జీపునకు పగలు రాత్రి అను భేదము లేదు. ఎఱ్ఱమట్టి దారులలోను, వాగు దిగుళ్ళలోను అడుగు తగులుచున్నదని సంక్రాంతికి దానిని ఎత్తు చేయించినారు. కమాను కట్టలు మార్పించి, 76 సెంటీమీటర్ల ఎత్తున్న పెద్ద టైర్లు వేయించినారు. తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను చెప్పుచున్నదని మామూకు తెలియదు. అప్పటికి మాకును తెలియదు. జీపు మాత్రము గుఱ్ఱము వలె నిలిచినది. ఈ జీపుల సంస్థ 1945లో 'మహీంద్రా అండ్ మొహమ్మద్' అను పేర మొదలైనదని, భాగస్వామియైన గులాం మొహమ్మద్ పాకిస్తాన్‌కు తొలి ఆర్థికమంత్రిగా వెళ్ళిన పిదప 1948లో ఇప్పటి పేరు వచ్చినదని మన విద్యార్థులలో ఎందరికి తెలియునో!

జీపు తోలు కుఱ్ఱవాడు మా వద్ద ఇంటర్మీడియట్ చదివినవాడే. తండ్రి పోవుటచే డిగ్రీలో చేరలేక స్టీరింగు పట్టినాడు. టైర్లు చూచి మామూ, "బేటా, నువ్వు చదువుకున్నవాడివి. చూసి నువ్వే చెప్పు" అన్నారు. మేము వంగి చూచినాము. రెండు టైర్లకును బయటి అంచులు నున్నబడినవి, లోపలి అంచులు కొత్తవి వలెనే ఉన్నవి. "మలుపులలో వేగము తగ్గించుట లేదు. దాని ఫలమే ఇది" అని తీర్పు చెప్పినాము. "లేదు మాస్టారూ, నేనట్లా తోలను" అని ఒక్కమాట అని ఆ అబ్బాయి ఊరకున్నాడు. టైర్ల ఖరీదు అతని జీతములో నెలకింత చొప్పున కోయుటకు నిర్ణయమైనది. ఆ నిర్ణయమునకు ఆధారము మా మాట తప్ప మరొకటి లేదు.

రెండు నెలల తరువాత వేరొక పని మీద జీపును ఒక వృద్ధ మేస్త్రి షెడ్డుకు తీసికొని వెళ్ళినాము. ఆయన విజయవాడ ఆటోనగరులో చిరకాలము పనిచేసి వచ్చినవాడు. మేమేమియు అడుగకముందే టైరు మీద అరచేయి ఆనించి, లోపలి నుండి బయటికి నిమిరినాడు. మరల బయటి నుండి లోనికి నిమిరినాడు. "మీరూ చూడండి మాస్టారూ, కంటితో కాదు, చేత్తో" అన్నాడు. ఒకవైపు నిమిరిన నున్నగా జారినది. మరొకవైపు నిమిరిన రంపపు పండ్లు తగిలినవి. రెండవ టైరును అంతే. పండ్ల మొనలన్నియు లోపలివైపునకే.

వేగముగా మలుపులు త్రిప్పినచో అంచులు గుండ్రబడును గాని, రెండు టైర్లకును నడిమి పట్టీల దాక ఇంత క్రమముగా పండ్లు రావని ఆయన వాదము. గాలి తక్కువైన రెండంచులు, ఎక్కువైన నడిమి భాగము, షాక్ అబ్జార్బర్లు చచ్చినచో అక్కడక్కడ గుంటలు – ఇట్లు టైరు తన రోగము తానే చెప్పునట. మన టైర్లు చెప్పినది వేరు. పాదములను లోనికి వంచి నడిచినట్లు ముందు చక్రములు రెండును ఒకదానినొకటి చూచుచు నడచుచున్నవి. దీనిని టో-ఇన్ అందురు. కొంచెము ఉండవలసినదే, మితిమీరినది.

మేస్త్రి చక్రములను పైకెత్తి త్రిప్పుచు ఒక్కొక్క టైరు నడుమ చుట్టును సుద్దగీత గీచినాడు. బండి దించి నాలుగడుగులు ముందుకు నెట్టించి, ఇరుసు ఎత్తున గీతకును గీతకును మధ్య దూరము ముందువైపు ఒకసారి, వెనుకవైపు ఒకసారి టేపుతో కొలిచినాడు. సుద్దముక్క మా చేతి పనిముట్టు; ఈ ఉపయోగము మాత్రము మేమెరుగము. ముందు కొలత 11 మిల్లీమీటర్లు తక్కువ వచ్చినది. ఇట్టి జీపునకు రెండు చాలును. ఇంటికి వచ్చి లెక్క వేసినాము: 76 సెంటీమీటర్ల టైరునకు 11 మిల్లీమీటర్లనగా, కిలోమీటరు నడచుసరికి రెండు చక్రములు కలిసి 14 మీటర్లకు పైగా అడ్డముగా ఈడ్చుకొని పోయినట్లు. ఎవరు తోలినను టైరు నిలువదు.

కమాను కట్టలు మార్చిననాడు టై రాడ్ విప్పి, మరల కంటి అంచనాతో బిగించినారు. ఎవరును కొలువలేదు. మేస్త్రి పావుగంటలో దానిని త్రిప్పి సరిచేసి, టేపు మాకు చూపినాడు.

మామూ ఆ శుక్రవారము నమాజు తరువాత, కోసిన జీతమంతయు లెక్కించి అబ్బాయి చేతిలో పెట్టినారు. మేము మాత్రము రెండు దినములు తప్పించుకొని తిరిగినాము. మూడవనాడు తోట గేటు వద్ద అతడు ఎదురుపడగా, తప్పు మాదేనని చెప్పినాము.

"ఫరవాలేదు మాస్టారూ" అన్నాడు. కొంచెమాగి, "మీరన్నారని మా అమ్మ కూడా నమ్మింది" అని, టైరులో గాలి చూచుటకు వంగినాడు.