లెక్కపెట్టే పని



మా పెద్దమ్మాయి టెక్సాస్‌లో కమ్యూనిటీ కాలేజీలో చేరానని ఫోన్ చేసిన రోజు మేము సంతోషించలేదు. ఈ మాట మీ దగ్గర దాచడం దేనికి? మందిరం పక్కన రేకుల ఇంట్లో ఉంటూ దాన్ని ఎం.ఏ., బి.ఇడి. చదివించాము. పెళ్లయి అమెరికా వెళ్లాక వీసా కారణంగా చాలా ఏళ్లు ఉద్యోగం చేసే వీలు లేకపోయింది. చివరికి పని చేసుకోవడానికి అనుమతి వచ్చిందంటే, అక్కడా టీచరమ్మ అవుతుందనుకున్నాము.

"ఫార్మసీ టెక్నీషియన్ కోర్సు నాన్నా" అంది.

"అంటే మందుల షాపులో మాత్రలు లెక్కపెట్టే పనా అమ్మా?" అన్నాము.

కాసేపు అటు నుంచి మాట లేదు. "అవును నాన్నా, లెక్కపెట్టే పనే" అని ఫోన్ పెట్టేసింది.

కమ్యూనిటీ కాలేజీ అంటే అక్కడ చుట్టుపక్కల జనం కోసం నడిచే కాలేజీ. రెండేళ్ల డిగ్రీలూ ఉంటాయి, కొద్ది నెలల్లో పని నేర్పే కోర్సులూ ఉంటాయి. వయసు అడ్డం కాదు. మా అమ్మాయి పక్కన పద్దెనిమిదేళ్ల పిల్లలూ కూర్చునేవారు, మనవళ్లున్న ఆమె కూడా కూర్చునేది.

నేర్చుకున్నది తక్కువేమీ కాదు. రెండు వందల మందులకు రెండేసి పేర్లు కంఠతా పట్టాలి: లోపలున్న మందు పేరు ఒకటి, కంపెనీ పెట్టిన పేరు ఇంకొకటి. హైడ్రాక్సిజీన్ దురదకు, హైడ్రాలజీన్ రక్తపోటుకు. చెవికి ఒకేలా వినిపిస్తాయి. తేడా కనబడాలని ఆ పేర్లలో కొన్ని అక్షరాలను పెద్దవిగా రాస్తారు. అర మిల్లీగ్రాము రాసేటప్పుడు చుక్కకు ముందు సున్నా ఉండాలి, 0.5 అని. అయిదుకు 5.0 అని మాత్రం రాయకూడదు. చుక్క కనబడకపోతే అయిదు కాస్తా యాభై అవుతుంది. పళ్లెంలో మాత్రలు పోసి, అయిదేసి చొప్పున పక్కకు జరుపుతూ లెక్కపెడతారు. ఎంత లెక్కపెట్టినా ఫార్మసిస్టు చూసి సరేననకుండా సీసా బయటికి పోదు.

ఇవన్నీ చెబుతుంటే మేము ఊఁ కొట్టేవాళ్లం. మనసులో చిన్నతనం మాత్రం పోలేదు.

ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మన మామ్మ ఒకామె చెమటలు పట్టి, వణుకుతూ పక్కకు ఒరిగిపోయింది. పంచదార నీళ్లు తాగించి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాము. షుగరు బాగా పడిపోయిందన్నారు. ప్రాణం దక్కింది.

ఆ వారం మొదట్లో ఆమె రెండు షీట్లు పట్టుకొచ్చి, "అయ్యగారూ, ఈ రెండూ ఒకటేనా?" అని మమ్మల్నే అడిగింది. ఒకటి పాత డాక్టరు రాసింది, ఒకటి కొత్త డాక్టరు రాసింది. పైన పేర్లు చూశాము. వేరుగా ఉన్నాయి. "వేరు వేరు మామ్మా, రెండూ వేసుకో" అన్నాము.

రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాము. తప్పు పట్టలేదు. "ఆ షీట్లు కెమెరాకు చూపించు నాన్నా. కిందున్న చిన్న అక్షరాలు చదువు" అంది. కళ్లజోడు పెట్టుకుని చదివాము. గ్లిమిపిరైడ్. రెండోదాని మీదా గ్లిమిపిరైడే. ఒకే మందు రెండింతలు, అదీ ఖాళీ కడుపున.

"నాన్నా, కోర్సు చదివిన నేను కూడా 'వేసుకో' అని చెప్పకూడదు. ఎవరైనా అడిగితే ఫార్మసిస్టును పిలవాలి. మాకు ఖచ్చితంగా నేర్పింది అదే" అంది.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ల పరిచర్యలో అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పడం అలవాటైపోయింది. తెలియనిచోట ఆగి తెలిసినవారిని పిలవడం, మేము చిన్నదనుకున్న ఉద్యోగానికి మొదటి షరతు.

మర్నాడు మామ్మ మంచం దగ్గర కూర్చుని క్షమించమని అడిగాము. "మీరేం చేస్తారయ్యా, పేర్లే అలా పెట్టారు" అంది. అమ్మాయిని కూడా అడిగాము. అది ఏడ్చింది, మేమూ ఏడ్చాము. తర్వాత 90 ప్రశ్నల పరీక్ష రాసి పాసైంది. ఇప్పుడు ఎవరైనా అడిగితే, "మా అమ్మాయి మాత్రలు లెక్కపెడుతుంది" అని మేమే ముందుగా చెబుతున్నాము.

ప్రియులారా, ఒక మనవి. షీటు కత్తిరించి నాలుగు మాత్రలిస్తే పేరూ, గడువు తేదీ ఉన్న ముక్క కూడా అడిగి తీసుకోండి. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత మందులన్నీ సంచిలో వేసుకెళ్లండి. షుగరు మాత్రలు వేసుకునేవారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకండి. దేవుడు మీ మనసు ఎరుగును. మా దగ్గరికి తెచ్చినా చిన్న అక్షరాలు కూడా చదివి పెడతాము. వేసుకోవాలా వద్దా అన్నది మాత్రం మేము చెప్పము. తెలిసినవారి దగ్గరికి మీతో కలిసి వస్తాము.

ప్రభువు మిమ్మును కాపాడును గాక.