నీడ నల్లగా ఉంటుందని ఎవరన్నారు?

ఏమండీ, ఇంట్లో కోడిగుడ్డు ఉందా? ఒక్కటి చాలు. ఆమ్లెట్ సంగతి తర్వాత చూద్దాం, ముందు పిల్లల్ని పిలవండి. తెల్లకాగితం పరిచి గుడ్డు దానిమీద పెట్టండి. లైట్లన్నీ ఆర్పేసి ఓ పక్కనుంచి టార్చి వెయ్యండి. సెల్‌ఫోన్‌దైనా సరే.

ఇప్పుడడగండి: "గుడ్డుమీద బాగా చీకటి ఎక్కడుందిరా?"

"అవతలి అంచున!" అంటారు. మీరూ అదే అంటారు, నాకు తెలుసు. సరిగ్గా చూడండి, తొందరేం లేదు. చిక్కటి చీకటి అంచుకి కాస్త ఇవతలే ఆగిపోయింది. అంచు దగ్గర మళ్లీ లేత వెలుగు! కాగితంమీద పడ్డ కాంతి పైకి లేచి గుడ్డు పొట్టకి తగులుతోందన్నమాట. నమ్మరా? కాగితం తీసి ఎర్రగుడ్డ పరవండి. పొట్ట ఎర్రబడుతుంది. బొమ్మలో ఆ కాస్త వెలుగూ వదిలిపెట్టారో, గుడ్డు కాదు, అప్పడం వస్తుంది.

నీడనీ చూడండి మరి. గుడ్డుని ఆనుకున్నచోట చిక్కగా ఉంటుంది. దూరం పోయేకొద్దీ పలచబడి అంచులు చెదిరిపోతాయి. టార్చి కిందికి దించితే నీడ సాగుతుంది, పైకెత్తితే ముడుచుకుంటుంది. ఇక ఆ టార్చి మీ చేతికి తిరిగి రాదు. పోనీలెండి, ఆడుకోనివ్వండి.

పిల్లల బొమ్మల మీద నాకో ఫిర్యాదుంది. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ముందు ఇల్లు, పక్కన కొబ్బరిచెట్టు. మీరూ వేసే ఉంటారు! అంత సూర్యుడున్నా ఒక్కదానికీ నీడ ఉండదేం? సూర్యుడు వెనకున్నాడంటే నీడలన్నీ మనవైపే పరుచుకోవాలి కదా. ఆ నాలుగు నీడలూ వేయించి చూడండి, కొబ్బరిచెట్టు నేలమీద కాళ్లూని నిలబడుతుంది.

అయితే నల్ల క్రేయాన్ మాత్రం దాచేయండి. ఫ్రాన్స్ చిత్రకారుడు మోనే 1868-69 చలికాలంలో ఓ మంచుబొమ్మ వేశాడు. తడికెమీద ఒంటరిగా ఓ పక్షి, మంచుమీద తడికె నీడ. ఆ నీడ నీలంగా ఉంటుంది! ఎండ తగలనిచోటికి కూడా ఆకాశపు వెలుగు అందుతుంది మరి. సున్నం వేసిన గోడమీద చెట్టునీడ చూడండి, మీకే తెలుస్తుంది.

నీడకి రంగుంటుందని మన తోలుబొమ్మలాటవాళ్లకి ఒకరు చెప్పాలా? శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేస్తున్నారు. తోలుని వెలుగు దూరేంత పలచగా చేసి రంగులద్దుతారు. నగలున్నచోట సన్నటి బెజ్జాలు కొడతారు. వెనక దీపం పెట్టగానే తెరమీద సీతమ్మ నగలు ధగధగమంటాయి. ఆ నగలు ఉత్త వెలుగండీ! అబ్బ, ఎంత తెలివి!

ఇక నాకు ప్రాణమైన బొమ్మ ఒకటుంది. మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో దీపం పట్టుకున్న అమ్మాయి. రవివర్మ బొమ్మ అనుకుంటారు చాలామంది. కాదు, ఎస్.ఎల్. హల్దంకర్‌ది. కూతురు గీతని నిలబెట్టి 1945-46లో వేశారు. పైగా నీటిరంగులు! నీటిరంగుల్లో తెలుపు పూయడం తక్కువ, కాగితాన్నే తెల్లగా వదిలేస్తారు. దీపం వెలగాలంటే దీపాన్ని ముట్టుకోకుండా చుట్టూ చీకటి వెయ్యాలి. ఆ అమ్మాయి దీపానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెలుగు వేళ్లలోంచి దూరి, వేళ్లంచులు ఎర్రగా మెరుస్తాయి. టార్చిమీద అరచెయ్యి పెట్టి చూసిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ తెలిసిన ఎరుపే అది!

అందుకే చెబుతున్నా, ఈసారి మైసూరు వెళితే పెద్ద ప్యాలెస్ ఒక్కటే చూసి బస్సెక్కేయకండి. పిల్లల్ని ఈ బొమ్మ ముందు కాసేపు నిలబెట్టండి. "దీపం ఎక్కడుందో తెలియకపోయినా, ముఖంమీద వెలుగు చూసి చెప్పగలవా?" అని అడగండి. గుడ్డుతో ఆడుకున్న పిల్లలు ఇట్టే చెప్పేస్తారు.